తరుగు

ముక్కు కుట్టమంటే కుడతా, చెవి కుట్టమంటే కుడతా,
ప్రొద్దుటూరులో నా సూది ఎరగని ఇల్లు తక్కువ.
బిడ్డ ఏడుపు అందుకునేలోపు
రెండో చెవి కూడా అయిపోవాల. అదీ పని.

షాహీను చెవులు నేనే కుట్టినా.
పదకొండో నెల. బెల్లంముక్క చప్పరిస్తా ఉండె.

అదే పిల్ల పందొమ్మిదేండ్లకు అంగడి మెట్లెక్కి
నాలుక బయటపెట్టి
"ఈడ కుడతావా తాతా?" అన్నది.
కుంపటి ముందు నుంచి లేచి
చెప్పు కోసం ఎతికినా.
నగుకుంటా పాయె.

బెంగళూరులో కుట్టించుకున్యాదంట.
ఫోన్లో ఊరోళ్ళ తిట్లు వినే ఉద్యోగం.
అవతలోడు అరిచినంతసేపూ
నాలుక మీది గుండు పంటికి తగిలిస్తాదంట,
టక్, టక్.
"బదులు చెప్పకూడదు కదా తాతా,
అదే నా బదులు."

రెండేండ్లు చెప్పింది బదులు.

మొన్న హోమస్‌పేటలో పండ్ల డాక్టరమ్మ
చిన్నద్దం నోట్లో పెట్టి చూపించిందంట:
ఎడమ దవడపన్ను ఒక మూల లేచిపాయె,
కింది ముందుపండ్ల వెనక చిగురు జారిపాయె,
వాన కోసుకపోయిన గట్టు మీద
కంపచెట్టు వేర్లు తేలినట్టు.

గట్టిదాని పక్కన మెత్తది అరుగుతాది.
ఇది నాకు డాక్టరు చెప్పాల్నా?
గీటురాయి మీద గీసిన ప్రతిసారీ
బంగారం రవ్వంత ఖర్చే.
కాకపోతే మా అంగట్లో తరుగుకు లెక్కుంది.
ముందే చెప్పి పట్టుకుంటాం.
రాత్రికి నేల ఊడ్చి ఆ మట్టీ దాచుకుంటాం.
మా బజారు కాలవలో బురద కడుక్కోని
బతికేవాళ్ళు కూడా ఉండారు.
ఈ పిల్ల పంటి తరుగు ఎవరు ఊడ్చినారు?
సంగటి ముద్దతో పాటు మింగేసింది.

నాలుకకు మరుపెక్కువ.
గుండు తీసినాక నాలుగు పొద్దులకే
బెజ్జం పూడిపాయె.
పన్ను పూడదు. జారిన చిగురు తిరిగి ఎక్కిరాదు.
నరంలేని నాలుక చేసిన దానికి
నరమున్న పన్ను కడతాంది జుల్మానా,
సల్లనీళ్ళు తాగిన ప్రతిసారీ.

ఇట్లా నేను చెప్పుకుంటా పోతాంటే
అది నా నోటికల్లే చూస్తాంది.
"మరి నీ ముందుపన్నుకు ఆ గాడి ఏంది తాతా?"

నోరు మూసుకున్నా.

నలభైరెండేండ్లు ఊదుగొట్టం కరిచిన చోటు అది.
చేతులు రెండూ పనిలో ఉంటే
తీగను పట్టుకున్న మూడో చెయ్యి.
గాడి సరిగ్గా గొట్టమంత.
గ్యాసొచ్చింది, అచ్చుల మిషన్లొచ్చినాయి,
గొట్టం గూట్లో పడుంది.
పని తోచని మధ్యాన్నాల్లో ఇప్పటికీ
నా నాలుక పోయి ఆ గాడిని తడిమొస్తాది.

పిల్ల కాగితం పొట్లం విప్పి
గుండును నా త్రాసులో ఏసింది.
గ్రామున్నర తూగింది.
స్టీలు. నా కుంపట్లో కరగదు, దానికి రేటు లేదు.
"తరుగు తీసేసి చెప్పు తాతా" అన్నది.
ఇద్దరం నగినాం.

తర్వాత చానాసేపు
ఎవరమూ ఏం మాట్లాడలేదు.
దాని బుగ్గ లోపల ఏదో కదిలింది,
నాలుక పంటి వెనక ఎతుకుతాంది.
చప్పుడు రాలేదు.