కుంటి పీట

ఆదివారం మౌలాలిలో
సెల్లారు నుంచి రెండు బండ్లు బయటికి తోస్తే
మాకో కార్ఖానా.

సువర్చల తెచ్చిన డబ్బాకి మూత
నిట్టూర్చినట్టు మూసుకుంటుంది.
ముషీరాబాద్ అడితిలో దొరికిన పాత తలుపు టేకు
మొయిజ్ సాబ్ ఉలి కింద
ఖురాన్ పెట్టుకునే రెహెల్ అయింది:
మేకు లేదు, బందు లేదు, ఒకటే చెక్క.
అందరం తెరిచి మూసి, తెరిచి మూసి...

నా పీట వంతు వచ్చింది.
కుంటింది.

ఎవరూ నవ్వలేదు, అదే బాధ.
మొయిజ్ సాబ్ ఓ కాలి కింద
మడిచిన బస్ టికెట్టు దూర్చి
నాలుగింటికీ పెన్సిల్ గీత తిప్పాడు.
"పొట్టిదాన్ని సాగదియ్యలేం బాబూ,
పొడుగువాటిని కొయ్యి."

కోశాను. ఇప్పుడు
ఇంకో పక్కకి ఒరుగుతోంది.
ఇట్లాగే పోతే దసరాకల్లా
చపాతీల పీట.

తనకే కావాలని
సువర్చల అప్పుడే చెప్పి పెట్టుకుంది.