ఊపిరితో పరిచిన బంగారం

మాంచెస్టర్‌లో ఆ చలికాలం
పొగమంచు కూడా మిల్లు గొట్టాల్లోంచే పుట్టినట్టుండేది.
ఆంకోట్స్‌లో ఒక మేడమీది గది. కిటికీలన్నీ బిగించుకుని
హెస్టర్ ఒలరెన్‌షా బంగారు రేకులు పరిచేది.

చేత్తో ముట్టుకోకూడదు,
ముట్టుకుంటే వేలికే అంటుకుని మాయమైపోతుంది.
చెక్క పటకారుతో ఎత్తి, తోలు దిండు మీదికి జార్చి
సరిగ్గా నడిమధ్యన ఒక్క ఊపిరి.
ముడతలన్నీ మాట విన్నట్టు సర్దుకునేవి.
తుమ్మొచ్చిందా, ఆ పూట కూలి గాల్లో కలిసినట్టే.

చర్చి గడియారం అంకెలకీ,
బైబిలు అంచులకీ,
సందు చివరి సారా దుకాణం పేరుకీ పోయేవి ఆ రేకులు.
ఒకరోజు యూనివర్సిటీ నుంచి విల్ఫ్ ఎంట్విజిల్ వచ్చాడు,
మోచేతుల దగ్గర కోటు అరిగిపోయిన కుర్రాడు.
"చిల్లి లేనిది కావాలి" అన్నాడు.
ఆమెకి రోషం వచ్చింది.
రేకుని దీపానికి అడ్డం పెట్టింది.
అవతలి వెలుగు లేత ఆకుపచ్చగా దిగింది.
"వెలుతురు ఊరుతోంది. చిల్లుందా, చెప్పు?"

నెలలు గడిచాక మళ్ళీ వచ్చాడు, కళ్ళు చింతనిప్పులై.
చీకటి గదిలో అరగంట సేపు కళ్ళని నానబెట్టి
తెర మీద రాలే మిణుకుల్ని లెక్కపెట్టడం వాడి పని.
ఒకటి. రెండు. రెప్ప పడితే లెక్క పోయినట్టే.

"అన్నీ దూసుకుపోతాయనుకున్నాం, మిస్ ఒలరెన్‌షా.
అణువంటే మెత్తటి ముద్ద అనే కదా మాకు చెప్పింది.
దాదాపు అన్నీ పోయాయి,
తలుపులు బార్లా తీసిన ఇంట్లోంచి గాలి పోయినట్టు.
ఏ ఎనిమిది వేలకో ఒక్కటి మాత్రం
వెనక్కి తిరిగి వచ్చింది.
నేను నమ్మలేదు. మళ్ళీ లెక్కపెట్టాను.
పెద్దాయనలూ నమ్మలేదు.
నా పక్కనే చీకట్లో కూర్చుని వాళ్ళూ లెక్కపెట్టారు.
లోపల ఏదో ఉంది. ఇసుమంత.
బరువంతా దాని దగ్గరే.
మిగతాదంతా ఖాళీ."

హెస్టర్ పటకారు కింద పెట్టింది.

"మా నాన్న పదహారు పౌన్ల సుత్తితో
ఎద్దు పేగు పొరల మధ్య పెట్టి కొట్టేవాడు దీన్ని,
ముప్పై ఏళ్ళు, భుజం జారిపోయేదాకా.
ఖాళీనా ఆయన కొట్టింది?"

విల్ఫ్ టోపీ అంచు నలిపాడు.
"సుత్తీ ఖాళీయేనండీ."

ఆమె నవ్వింది. నిజంగానే, పడీ పడీ.
బల్ల మీది రేకొకటి లేచి
గది మూలకి ఎగిరిపోయింది.
ఆ నవ్వు ఆగాక
"మరి నొప్పో?" అంది.

వాడు ఏ మిణుకుల్లోనూ అది లెక్కపెట్టలేదు.
ఇంకో నాలుగు రేకులు కావాలన్నాడు, మెల్లగా.
కాయితాల మధ్య పెట్టి, దారం చుట్టి ఇచ్చింది.
వాడి చెయ్యి జేబులోనే తటపటాయిస్తుంటే
"ఖాళీ సంగతి నాకు తెలీదు బాబూ,
తూకం తూకమే" అని
అరచెయ్యి చాచింది.