నలభై ఏడు చుట్లు

చిత్తూరు గిరింపేటలో నాది మోటార్ల వైండింగు అంగడి.
నా నెత్తిన మిద్దె,
మిద్దె మింద వజ్రవేలు మాస్టరు నాట్యం బడి.
ఇరవై ఆరేండ్లుగా నేను నాట్యాన్ని
కింద నుంచే విన్నా.
మొగాలు గుర్తుండవు. మడమలు గుర్తు.

సాయంత్రం అయిదుకి పైన తట్టుకర్ర మోగితే
కింద నా కాయిల్లో సున్నం రాల్తుంది.
తై అంటే రవంత,
తై హత్ తై అంటే ఇంకో రవంత.
గోనెసంచి కట్టినా. ఓనరుతో మొరపెట్టుకున్నా.
"కళ గదప్పా" అన్నాడు ఓనరు,
ఇద్దరికీ అద్దె పెంచినాడు.

ఎవురు ఎవురో పాదమే చెప్పేస్తుంది.
కుముద అడుగు పలక మీద బలపం మాదిరి గీరుకోని పడుతుంది.
పోలీసాయన కూతురిది ఎప్పుడూ అర చిటిక ముందు.
సంతపేట నుంచి ఒక పిలగాడు వచ్చేవాడు,
వాడు కాలు మోపితే నా టెస్టింగు బల్బు వణికేది.
వాళ్ళ నాయనొచ్చి వాణ్ణి రెక్క పట్టి ఈడ్చకపోయిన దినం
మాస్టరు తొమ్మిది దాకా ఒక్కడే ఆడినాడు.
బరువు కాళ్ళు. మధ్య మధ్యలో ఆగిపోతా ఉండె.
ఆపొద్దు నేను అంగడి మూయలే.

ఆయప్ప వాళ్ళమ్మది కార్వేటినగరం.
అంతకుమించి ఎవురేమి అడిగినా
"టీ సల్లారిపోతాంది" అనేవాడు.
కళాకారుల పింఛను కాగితంలో
తండ్రి పేరు గడి దగ్గిరికొచ్చి
పెన్ను మూసి జోబిలో పెట్టుకునేది చూసినా.
ఆ కాగితం ఇంకా నా డ్రాయర్లోనే ఉంది,
బిల్లుల కింద.

ఒగ దినం నా గడపలో నిలబడి
వైండింగు హ్యాండిలు తిరిగేది చూస్తా ఉండిపోయినాడు.
"ఎన్ని చుట్లప్పా?"
"ఈ మోటారుకా? కాయిలుకి నలభై ఏడు."
"నలభై ఏడా! ఏ తాళంలో కూర్చునేది అది?"
"తాళం నాకు తెల్దు సామీ. తగ్గితే కాలిపోతుంది."
నవ్వలే. వేళ్ళు ముడుస్తా మెట్లెక్కినాడు.

పది దినాలు పైన ఒకటే రభస.
కొట్టేది, ఆపేది, తిట్టేది, మళ్ళా కొట్టేది.
పదకొండో దినం కుముద ఒక్కతే.
అలవాటు కొద్దీ నా చెయ్యే లెక్క పెట్టింది.
నలభై అయిదు. నలభై ఆరు. నలభై ఏడు.
నలభై ఎనిమిదోది పడలే.
ఆ పాదం గాలిలోనే నిలబడిపోయింది,
నేను మొగం పైకెత్తి
తీగ చేత్తో పట్టుకోని అట్లే ఉండా.

మోకాలు పోయినాక పుత్తూరుకి నేనే తీసకపోయినా,
మోటార్లేసే టెంపోలో.
ఆకుపసరు, తెల్లసొన, వెదురుబద్దలు.
"ఇంక గెంతులు వొద్దు" అన్నాడు కట్టు కట్టినాయన.
గెంతులు, గెంతులు అని ఆ మాటే నములుతా వచ్చినాడు.
కార్వేటినగరం దాటేటప్పుడు
నా భుజం గెట్టిగా పట్టుకున్నాడు.
బండి ఆపమన్లే.

ఇప్పుడు కుర్చీలో కూచోని చెప్తాడు.
కాళ్ళ బలమంతా కర్రలోకి ఎక్కిందేమో,
పోయిన శుక్రవారం అది నిలువునా చీలింది.
ఒక చిన్నపాప చేతికిచ్చి కిందికి పంపినాడు,
ఏం చెయ్యాలో చెప్పకుండా.

రాగితీగ చుట్టినా.
ఎన్ని చుట్లో మీకు తెలుసు.
డబ్బులు అడగలే. ఆయప్ప ఇవ్వనూ లే.

అయిదుకి మోగింది.
తై అంటే ఇప్పుడు లోపల కొంచెం రాగి పలుకుతాంది.
గోనెసంచి మాత్రం విప్పలే.
సున్నం సున్నమే.