పల్లావరం సంతలో ముప్పై రూపాయలకి

శుక్రవారం సంతలో, తుప్పు పట్టిన మిక్సీల పక్కన
దొరికింది, ఆ సీరియల్‌ని నవల చేసిన పుస్తకం.
అట్ట మీద అదే అంతరిక్ష నౌక,
ఎర్రగా ఉంది!
పెరంబూర్ క్వార్టర్స్‌లో తిలకవతి ఆంటీ టీవీలో
పదమూడు వారాలు బూడిద రంగులోనే ఎగిరింది.

హిందీ మా వరసలో ఎవరికీ రాదు.
ప్రచార సభ పరీక్ష ఒకటి
ఎలాగో గట్టెక్కిన వకుళక్కే
అందరికీ విప్పి చెప్పేది:
"కెప్టెన్ కూతుర్ని భూమ్మీద వదిలి వచ్చేసింది.
అదిగో, మళ్ళీ ఉత్తరం రాస్తోంది.
చేరదని తెలుసు, అయినా రాస్తోంది."
ఆంటీ పైటకొంగు తడిసిపోయేది.
అరవంలోకి మార్చి చెప్పమని
వెనక వరసవాళ్ళు కసురుకునేవాళ్ళు.

లోకల్ రైలు గిండీ దాటేసరికి
నూట నాలుగో పేజీ.
కెప్టెన్‌కి కూతురే లేదు.
రాత్రిళ్ళు ఆమె కూర్చుని రాసింది
ఇంధనం లెక్క:
ఎన్ని పీపాలు, ఇంకెన్ని రోజులు.

నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను,
ఎదుటి సీటాయన తలెత్తి చూశాడు.

సైదాపేటలో పల్లీలవాడు ఎక్కాడు.
పొట్లం కొన్నాను, విప్పలేదు.

అక్కకి అప్పుడు పదిహేనేళ్ళు.
వారానికొకటి, తడుముకోకుండా
మాకు చదివి వినిపించిన
ఆ ఉత్తరాలన్నీ
ఎవరికి?