ఉప్పు మీద ఒక వాక్యం

చర్చి నేలమాళిగలో పదకొండు మడత కుర్చీలు.
పన్నెండోది కాలు విరిగి గోడకి ఆనుకుంది.
బయట హార్లో ఫాల్స్ ఊరంతా మంచు.
రాత్రి రోడ్డు మీద చల్లిన ఉప్పు
మా బూట్ల అంచుల్లో తెల్లగా ఎండి
పిలవకుండానే సమావేశానికి వచ్చింది.

మినిట్స్ రాసేది నేను.
మా సంఘం పేరున ముప్పై నాలుగు వాక్యాలున్నాయి,
బడుల మీద, ఓటు మీద, చెత్తకుప్పల మీద,
ఊరు ఏం చేయాలని మేం కోరుతున్నామో చెప్పేవి.
ఒక్కోటి పుట్టడానికి ఏడాదో రెండేళ్ళో పట్టింది.
పంతొమ్మిదోది ఇదీ:
"చలికాలమంతా ఊరి రోడ్లన్నీ నల్లగా కనబడాలి."
పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిది, మార్చి.
టైపు మిషను మీద ఎంత గట్టిగా కొట్టారో,
చివరి చుక్క కాగితానికి చిల్లు పొడిచింది.

జిమెనా పారెడెస్ ఒక గాజు సీసా తెచ్చింది.
వాళ్ళ బావి నీళ్ళు.
"రుచి చూడండి" అంది.
డోనట్ నములుతున్నవాళ్ళు కూడా నమలడం ఆపారు.
చివరికి వెండెల్ తాగాడు,
ముప్పై ఏళ్ళుగా ఆ ఉప్పు లారీ నడుపుతున్నవాడు.
మూతి తుడుచుకుని,
"సూపు కాచుకుంటే ఉప్పు ఖర్చు లేదు" అన్నాడు.
కొందరు నవ్వారు. జిమెనా నవ్వలేదు.

పద్నాలుగు నెలలు వాళ్ళ బృందం బావుల చుట్టూ తిరిగింది.
నూట ఆరు బావులు, నలభై ఒకటి ఉప్పగా.
ఒక వంటింట్లో కుళాయి తుప్పు పట్టి
తిప్పినావిడ చేతిలోకే ఊడొచ్చింది.
ప్రతిపాదన రెండు పేజీలు. మొదటి మాటే
"పంతొమ్మిదో వాక్యం కొట్టేద్దాం."

అందరూ థోరా వైపు చూశారు, చూడనట్టుగా.
థోరా లిండ్‌క్విస్ట్, ఎనభై ఆరు.
ఆ వాక్యం ఆమెది.
ఆ ఏడు ఫిబ్రవరిలో బడి బస్సు వంతెన దగ్గర జారింది.
అందులో ఆమె చెల్లెలి కొడుకున్నాడు.
ఇంతకు మించి పాత మినిట్స్‌లో లేదు.

మాకు చేతులు లెక్కపెట్టే పద్ధతి లేదు.
ఏకాభిప్రాయం కావాలి.
అంటే అందరికీ నచ్చాలని కాదు,
ఇంటికెళ్ళి దిండు మీద తల పెట్టాక
ఎవరూ దాన్ని తిట్టుకోకుండా నిద్రపోవాలి.
చేతులెత్తడం దీనికన్నా సుఖం.

ఎనిమిదిన్నరకి 'కొట్టేద్దాం' కాస్తా 'సవరిద్దాం' అయింది.
తొమ్మిదింటికి 'తగ్గించాలి' ముందు 'వీలైనంత' వచ్చి కూర్చుంది.
"ఎవరి వీలు?" అంది జిమెనా.
"తెల్లవారుజామున నాలుగింటికి
కొండ మలుపులో స్టీరింగు పట్టుకున్నవాడి వీలు"
అన్నాడు వెండెల్.
ఇద్దరూ నిజమే చెప్పారు. చిక్కంతా అదే.
రాసి, రబ్బరుతో చెరిపి, మళ్ళీ రాసి,
ఆ ఒక్క చోట కాగితం పల్చబడి
కింద బల్ల చెక్క రంగు కనబడింది.

అప్పుడు థోరా చెయ్యి చాపింది, కాగితం కోసం.
కళ్ళజోడు మార్చుకుంది. చాలాసేపు చదివింది,
ఉన్నది ఒక్క వాక్యమే అయినా.
"'అన్నీ' అన్నది నా మాట.
కమిటీ వద్దంది, నేను వినలేదు.
నాకప్పుడు కావలసింది ఒక్క వంతెన.
ఒక్కటే అడిగితే ఏడుపులా ఉంటుందని
అన్నీ అడిగాను."

నా పెన్సిలే తీసుకుని 'అన్నీ' మీద గీత గీసింది.
పక్కన వణికే అక్షరాలతో రాసింది:
వంతెన. కొండ మలుపు. బడి దారి.
మిగతా చోట్ల ఏం చేయాలో
మీరు తేల్చుకోండి అని కాగితం తోసేసింది.

తేలలేదు. వెండెల్ ఇసుక అన్నాడు,
ఇసుక కాలవలో పేరుకుంటుంది కదా అన్నారెవరో.
వచ్చే నెలకి వాయిదా.
ఆమె అన్నదంతా ఎలా రాయాలో నాకు తెలీలేదు.
"మూడో చిత్తుప్రతి. ఒక పదం తొలగింపు" అని రాశాను.

బయట మెట్లు గాజులా ఉన్నాయి.
థోరా కర్ర ఆనించి ఆగింది.
వెండెల్ లారీలోంచి గుప్పెడు ఉప్పు తెచ్చి
ఆమె కాళ్ళ ముందు చల్లాడు.
జిమెనా ఏమీ అనలేదు.
వంగి, బూటు అంచుతో
దాన్ని పల్చగా పరిచింది.