మూడో తలుపు

డీజిల్ కాలనీ మలుపుల మొగిలన్న గేమ్స్ షాపు,
అరగంటకు అయిదు రూపాయలు.
సీడీ మీద గోరంత గీత.
కోల్గేట్ రాసి బనీనుతోని తుడిచినా
మూడో తలుపు కాడ హ్యాంగయ్యేది:
దేవుణ్ని సంపవోయేటోడు
గొడ్డలెత్తి గట్లనే నిలవడేటోడు
కరెంటు పోయేదాంక.

తలుపవతల ఏరున్నదన్నడు ఓదెలు.
ఏట్లె దిగితే సచ్చినోళ్లు కాళ్లు పట్టుకుంటరట,
ఒక్కని పేరన్న యాదికొస్తే ఇడుస్తరట.
నమ్మిన. పదకొండేండ్లు నాకు.

ఇయ్యాల రాత్రి కాజీపేటల, సెల్లుల,
గీత లేని ఆట.
యాడ సస్తే ఆడ్నే మళ్ల లేస్తున్న;
సావుకు అయిదు రూపాయల ఇలువ గూడ లేదు.
ఇరవై నిమిషాలకే మూడో తలుపు
కిర్రుమన్నది.

మెట్లు. మళ్ల మెట్లు.
గదే రాయి, గదే రంగు, అతికిచ్చినట్టు.

ఓదెలుకు ఫోన్ కొట్టిన.
బల్లార్షల గూడ్సు దిగి పండవోతున్నడు.
"తెరుసుకున్నదిరా" అన్న.
శానసేపు ఇంజన్ల సప్పుడే.
"ఏరున్నదా?"

మెట్ల మీద వాడు గొడ్డలి దించి
నా బొటనేలు కోసం సూస్తున్నడు.

"ఉన్నది" అన్న.
"లోతెంత?"