సగం వంతెన

ఆటోనగర్ బి బ్లాకు రేకుల షెడ్డులో
మధ్యాహ్నం పన్నెండుకి సోల్డరు తీగ
దానంతటదే కరిగిపోదామని చూస్తుంది.
బల్ల మీద రెండు కాగితాలు.
ఒకదాని మీద రెండు స్విచ్చులు, ఇంకోదాని మీద నాలుగు.
పేరుకి రెండూ వంతెనలే, ఏ మనిషీ దాటడు.
మూడు రోజులుగా వాటి మధ్య నేనే అటూ ఇటూ.

అడిగింది మైలపల్లి ఎల్లాజీ.
ఫిషింగ్ హార్బర్ రెండో జెట్టీలో ఆయనవి మూడు బోట్లు.
వేట నుంచి వచ్చిన రాత్రే బ్యాటరీలు నిండాలి,
తెల్లారేలోపు మళ్ళీ వెళ్ళాలి.
పన్నెండు వందల వాట్లు చాలన్నాడు,
ధర మాత్రం ఆరొందల వాట్ల దానిలా ఉండాలన్నాడు.

పన్నెండు వందలు!
మూడొందలైతే కళ్ళు మూసుకుని హాఫ్ బ్రిడ్జి గీసేవాణ్ణి,
మూడు వేలైతే ఆలోచన లేకుండా ఫుల్ బ్రిడ్జి.
ఇది గట్టూ కాదు, లోతూ కాదు,
మోకాలి నీరు.

హాఫ్ బ్రిడ్జి పొదుపరి.
మూడు వందల పాతిక వోల్టుల్ని రెండు కెపాసిటర్లతో
అన్నదమ్ముల పంపకంలా నడిమికి చీల్చి
ట్రాన్స్‌ఫార్మర్‌కి ఒక్క వాటానే చూపిస్తుంది.
వోల్టు సగమైన చోట కరెంటు రెట్టింపు.
స్విచ్చుల్లో మిగిలించిన డబ్బు
వేడి రూపంలో వసూలు చేసుకుంటుంది.

ఫుల్ బ్రిడ్జి దర్జా వేరు.
నాలుగు మూలలా నలుగురు,
ఎదురు మూలల వాళ్ళు జంటగా,
ఒకసారి ఈ జంట, ఒకసారి ఆ జంట,
సెకనుకి లక్షసార్లు.
ఒకే గోడవైపు పైనున్నవాడూ కిందున్నవాడూ
కలిసి మేలుకున్నారా, అంతే సంగతులు.

మొదట ఫుల్‌దే గెలుపు.
నిజం చెబితే గెలిపించింది నా గీర.
మంగళవారం సాయంత్రం ఆరున్నరకి స్విచ్చి వేశాను.
టప్.
ఒక మాస్‌ఫెట్ నెత్తి ఎగిరి పైకప్పు రేకుకి తగిలింది.

కాయిల్స్ చుట్టే నూకరత్నం టిఫిను డబ్బా మూస్తూ
"ఏటైంది బావూ?" అంది.
పైవాడు దిగకముందే కిందివాడు ఎక్కేశాడన్నాను.
ఆమె పెనిమిటి షిప్‌యార్డులో కాంట్రాక్టు వెల్డరు.
"ఆల్ల గేటు కాడ ఏ షిఫ్టోలంతా బయటికొచ్చాకే
బీ షిఫ్టోల్ని వదుల్తారు.
మద్దిలో గేటు కాసేపు కాలీగుంటాది.
నీ డబ్బాలో ఆ కాలీ ఏదీ?"
డెడ్ టైమ్ అని పుస్తకాలు పేరు పెట్టినదానికి
ఇంతకంటే బతికున్న మాట నాకు దొరకలేదు.

ఖాళీ పెంచాను. అయిదొందల నానోసెకన్లు.
బుధవారం నిలబడింది. గురువారం కూడా.
శుక్రవారం జెట్టీ మీద పెట్టి చూశాం.
ఐసు మిషన్లు అన్నీ ఒక్కసారి తిరగ్గానే
లైను నూట డెబ్భైకి జారింది, అయినా ఆగలేదు.
ఎల్లాజీ డబ్బా చుట్టూ తిరిగొచ్చి
"ఈ నాలుగింట్లో ఒకటి పోతే?" అన్నాడు.
మొత్తం ఆగిపోతుంది.
"అదే రెండున్నదాన్లో ఒకటి పోతే?"
అదీ అంతే.
ఆయన మొహంలో నవ్వు లేదు.
"ఒక వల తెగినా రెండోదాంతో కూరకైనా పట్టుకొత్తాం గదా.
మీ కాడ అలాటిది నేదా?"

తిరుగుదారిలో కాన్వెంట్ జంక్షన్ దగ్గర బండి ఆగింది.
ఖనిజం లారీల ఎర్రదుమ్ములో, హెల్మెట్ లోపల,
లెక్క అటుతిప్పి ఇటు పడింది.
స్విచ్చులు నాలుగే. బ్రిడ్జి ఒకటి కాదు.
ఆరొందల వాట్ల హాఫ్ బ్రిడ్జిలు రెండు, పక్కపక్కన.
ఒకటి పోతే రెండోది,
ఆలస్యంగానైనా, నింపుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్లు రెండయ్యాయి.
"కూలీ కూడా రెండే" అంది నూకరత్నం,
ఫెర్రైటు కోరుకి పసుప్పచ్చ టేపు బిగిస్తూ.
బేరంలో మిగిలిందేదో అక్కడికి సరిపోయింది.

ఇప్పుడవి రెండో జెట్టీలో పనిచేస్తున్నాయి.
కవలలే, ఒకే చేత్తో చుట్టినవే.
అయినా ఎడమదానికి పావు వోల్టు ఎక్కువ,
ఆ పావుకే బరువు దాదాపు అంతా తన మీద వేసుకుంటుంది.
కుడిది చల్లగా కూర్చుంటుంది.
రాత్రిపూట మూత మీద చెయ్యి వేస్తే తెలిసిపోతుంది.
దాన్నింకా సరిచెయ్యలేదు.